పదికి తొమ్మిది

"వాళ్ళకి నొప్పేంటమ్మా? నిన్నగాక మొన్న పుట్టారు!"

పెద్ద డాక్టరుగారు ఈ మాట అనడం ఈ నెలలో ఇది పదకొండోసారి. ఇన్‌చార్జి సిస్టర్ లెక్కపెడుతూనే ఉంది. అంతకుమించి ఏం చేయడానికీ ఆమెకు అధికారం లేదు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు అది. మూడో నంబరు గాజుపెట్టెలోని పాప పుట్టి తొమ్మిది రోజులు. బరువు కిలో కూడా లేదు. పరీక్షకి రక్తం కావాలంటే మడమ మీద గుచ్చాలి. రోజుకి ఐదారుసార్లు. ఆ మడమ చూస్తే సిస్టర్ బొటనవేలి గోరంత. ఇక గుచ్చడానికి అందులో జాగా లేదు.

సూది దిగినప్పుడల్లా పాప నోరు తెరుస్తుంది. గొంతులో గొట్టం ఉంది కాబట్టి శబ్దం రాదు. శబ్దం లేదు కాబట్టి నొప్పి లేదని పెద్ద డాక్టరుగారి సిద్ధాంతం. పక్క పెట్టెలోవాడు కేర్‌మంటే మాత్రం, "ఆకలేమో చూడండి" అంటారు.

సిస్టర్ కోరింది కొండమీద కోతినేం కాదు. గుచ్చడానికి రెండు నిమిషాల ముందు నాలుక మీద రెండు చుక్కల పంచదార నీళ్ళు. కాళ్ళూ చేతులూ కొట్టుకోకుండా మెత్తటి గుడ్డలో చుట్టడం. వీలైతే తల్లి చేయి. దానికి కావలసింది ఆయన సంతకం ఒక్కటే.

"ఇది వార్డా, మిఠాయి కొట్టా?" అన్నారాయన.

వెనకున్న చిన్న డాక్టర్లు నవ్వారు. ఆయన జోకు వేస్తే నవ్వడం వాళ్ళ చదువులో భాగం.

"ఏడ్చింది, గిలగిల్లాడింది అని నాకు కథలు చెప్పకమ్మా. కాగితం మీద చూపించు."

కాగితమూ ఉంది. వార్డులో దాన్ని నొప్పి చీటీ అంటారు. మాటలు రాని పేషంటు నొప్పిని చూసి కొలిచే చీటీ. ముఖం, ఏడుపు, ఊపిరి, చేతులు, కాళ్ళు. ఒక్కోదానికి రెండేసి మార్కులు. సిస్టర్ మూడో నంబరు పాప చీటీలు ఎనిమిది పట్టుకెళ్ళింది. ఆయన చదవకుండానే కొట్టిపారేశారు.

"ఇవన్నీ జాలి మార్కులు. మూడో నంబరు అనగానే మీ అందరికీ కళ్ళు చెమరుస్తాయి. నంబరూ పేరూ కనపడకుండా తీసుకురా. పేషంటెవరో తెలియకుండా చదివితేనే అసలు సంగతి తెలిసేది."

మూడో రోజు సిస్టర్ కొత్త చీటీ తెచ్చింది. పై అంచు మడిచి పిన్ను కొట్టింది. పెద్ద డాక్టరుగారు ఆవేళ చిరాగ్గా ఉన్నారు. పొద్దున్నే సిబ్బందికి ఏటా చేసే పరీక్షలట. కాఫీ ఆలస్యమైంది. అయినా కళ్ళజోడు సవరించుకుని, చిన్న డాక్టర్లకు వినపడేలా పైకి చదివారు.

"ముఖం: సూది కనపడగానే కందగడ్డ. కనుబొమలు ముడిపడ్డాయి, గడ్డం వణికింది. రెండు. ఏడుపు: గుచ్చకముందే మొదలు. రెండు. ఊపిరి: బిగబట్టడం. రెండు. చేతులు: వెనక్కి లాక్కోవడం, సిస్టర్ వేలు పట్టుకుని ఎంతకీ వదలకపోవడం. రెండు. కాళ్ళు: తన్నుకోవడం. ఒకటి. ఊరడింపు: వీపు నిమిరి, నోట్లో తీపి పెట్టాక ఐదు నిమిషాలకి."

ఆయన చదవడం ఆపారు.

"పదికి తొమ్మిదా! ఎన్నిసార్లు గుచ్చారేంటి?"

"ఒక్కసారే సార్. రెండు చుక్కల రక్తానికి."

"ఇది నొప్పి కాకపోతే మరేంటి? కళ్ళున్నవాడెవడికైనా తెలుస్తుందే! నేను రోజూ రౌండ్లు కొడుతున్నా, ఇలాంటి కేసు నా కంట పడలేదేం?" ఆయన గొంతు పెరిగింది. "ఇంత సున్నితమైన పేషంటుకి ఆ తీపేదో ముందే పెట్టకుండా గుచ్చాక పెడతారా? మీకసలు మనసుందా?"

సిస్టర్ తలొంచుకుంది.

"తప్పయింది సార్. ఆర్డరు లేదు కదా అని..."

"ఆర్డరు లేకపోతే బుర్ర కూడా ఉండదా? ఇటివ్వు!"

చూపుడు వేలు పైకెత్తిపెట్టి, పెన్ను వంకరగా పట్టుకుని సంతకం చేశారు. ఇకమీదట వార్డులో ఏ బిడ్డకి సూది వేసినా ముందు పంచదార చుక్కలు, గుడ్డ, తల్లి చేయి. చిన్న డాక్టర్లు తలలూపారు. ఐదు నిమిషాల్లో ఆర్డరు గోడకెక్కింది.

పదకొండు గంటలకు మూడో నంబరుకి రక్తం తీయాలి. సిస్టర్ తల్లిని లోపలికి పిలిచి చేతులు కడిగించింది. పాపని గుడ్డలో చుట్టి నాలుక మీద రెండు చుక్కలు వేసింది. గోరంత నాలుక కదిలింది. తల్లి చూపుడు వేలిని పాప పట్టుకుంది. సూది దిగింది. కనుబొమలు కాస్త ముడిపడి, మళ్ళీ విడిపోయాయి.

"అక్కా, ఇవాళ నోరు తెరవలేదు!" అంది తల్లి. అంటూనే ఏడ్చేసింది. సిస్టర్‌కీ కళ్ళు నిండాయి. దానికి మార్కులు వేసేవాళ్ళెవరూ అక్కడ లేరు.

సరిగ్గా అప్పుడే పెద్ద డాక్టరుగారు పరివారంతో వచ్చారు. పాపని చూసి, ఈ ఆలోచన తనకెప్పుడో ఉన్నట్టు గర్వంగా తలాడించారు.

"చూశారా? మనసు పెడితే వైద్యం ఇలా ఉంటుంది. అన్నట్టు సిస్టర్, ఆ పదికి తొమ్మిది పేషంటు ఏ పెట్టెలో ఉంది? పాపం, నేనే స్వయంగా చూస్తాను."

సిస్టర్ జేబులోంచి చీటీ తీసి, పిన్ను ఊడదీసి, మడత విప్పి అందరికీ కనపడేలా ఆయన చేతికిచ్చింది: "పేషంటు: పెద్ద డాక్టరుగారు. వయసు (రోజుల్లో): యాభై ఎనిమిదేళ్ళు. గుచ్చిన చోటు: చూపుడు వేలు, సిబ్బంది పరీక్షల గది, ఈ ఉదయం ఎనిమిది గంటలకు."