కంబానికి కొత్తబియ్యం

"చాల్లే మితాన్, ఇదేమన్నా గుడా? లోపలికి రా" అన్నాడు భూషణం.

ఉంగ వినలేదు. బంగళా మెట్టు దగ్గరే నిలబడి, కాళ్లకంటిన మట్టిని గడ్డికి రాసి రాసి తుడుచుకున్నాడు. కొడుకును చూడబోతూ మట్టికాళ్లతో ఎలా పోతాడు?

వయసులో ఉన్నప్పుడు గోదావరి ఒడ్డున టేకు చెట్లు నరికే కూపుల్లో ఇద్దరూ ఒకే రంపానికి చెరో కొస పట్టినవాళ్లు. ఒకరి చేతి అన్నం ఒకరు తిని మితాన్లు, అంటే ఒట్టేసుకున్న నేస్తాలు అయ్యారు. ఆ మాట ఇచ్చుకున్నాక పేరు పెట్టి పిలుచుకోకూడదు. ఒకరి బిడ్డ ఇద్దరికీ బిడ్డే. మారియా తెగవాడైన ఉంగ గీదం అవతల తన ఊరికి, గోచీకి, పోడుకు తిరిగిపోయాడు. భూషణం జగదల్‌పూర్ చేరి కట్టెల అడితిలో కుదిరాడు. వచ్చిన కొత్తలో ఒట్టి ఒంటితో తిరిగితే బజారువాళ్లు అతన్ని జంగ్లీ, అడవి మనిషి అని నవ్వారు. అది అతనికి ఇంకా అరగలేదు. ఎంత ఉక్కపోసినా నలుగురిలో ఒంటిమీది చొక్కా తీయడు.

ఉంగ నడుముకు ఆకుపొట్లం ఉంది. అందులో కొత్తబియ్యం. కొడుకు ఆయతు జ్వరంతో పోయినప్పుడు, ఇక అందులోనే ఉంటాడని బాట పక్కన చెక్కిన కర్ర కంబం నిలబెట్టారు. ఏటా కొత్తల పండగకు మొదటి బియ్యం ఆ కంబానికి పెట్టాలి. పెట్టేదాకా ఇంట్లో ఎవరూ కొత్తన్నం ముట్టరు. ఈ ఏడు వానలకు ముందు ఎవరో తెల్లదొర బండి తోలుకొచ్చి, చెక్కడం బాగుందని కంబాన్ని పెరికి తీసుకుపోయాడు. అడవి వస్తువులన్నీ అలాగే చేర్చి, జనం వచ్చి చూసేందుకు ఈ అజబ్ బంగళా పెట్టాడు. అక్కడ ఉంగ ఇంట్లో గాదె నిండా కొత్త వడ్లు. కోసి అనే ఉంగ భార్య మాత్రం దుంపలు ఉడకేసుకుని తింటోంది. పాత గింజలు ఎప్పుడో అయిపోయాయి. మనిషి లేచి నడవలేకుండా ఉంది.

బంగళా గుమస్తా మున్షీ బయటికి వచ్చి, సంతలో ఎద్దును చూసినట్టు ఉంగను కిందనుంచి పైదాకా చూశాడు. "ఇతనేనా?" అని హిందీలో అడిగాడు.

భూషణం చూపు పక్కకు తిప్పుకున్నాడు. "ఇతనే."

మున్షీ నవ్వి దారి ఇచ్చాడు. ఉంగకు హిందీ రాదు. ఏమన్నాడని అడిగితే, లోపల దేన్నీ ముట్టుకోవద్దన్నాడని భూషణం చెప్పాడు. మరి బియ్యం ఎట్లని ఉంగ దిగులుపడ్డాడు.

"నువ్వు పెట్టుకో. నేను మాట్లాడిన."

"ఏమిచ్చినవ్ వానికి?"

"తెలిసినోడేలే. నడువు."

లోపల చల్లగా, నీళ్లడుగున నడుస్తున్నట్టుగా ఉంది. పచ్చ అద్దాల కిటికీల్లోంచి దిగిన వెలుతురు నేలమీద ఊగుతోంది. ఇత్తడి గుర్రాలు, ఏనుగులు, వాటిమీద కళ్లు మూయని చిన్న చిన్న దేవుళ్లు. గోడకు వేలాడే డోలు ముందు ఉంగ చెవి ఒగ్గి నిలబడ్డాడు. ఎవరూ కొట్టకపోయినా అది లోలోపల మోగుతూనే ఉందని అతనికి అనిపించింది.

చివరి గదిలో కంబాలు. ఏ ఏ ఊళ్ల బాటల నుంచి పెరికి తెచ్చినవో, సంతకు పోతూ నీడకు ఆగిన జనంలా గుంపుగా నిలబడి ఉన్నాయి. ఉంగ ఒక్కో కంబం ముందు ఆగి, తన భాషలో ఏ ఊరని, ఎవరి పిల్లలని పలకరించాడు. కాసేపటికి అతని మొహం తేటపడింది.

"ఈడ అందరూ ఉన్నరు మితాన్. వాన పడదు, చెద పట్టదు. పోరడు ఒంటరిగ లేడు."

"సుట్టాలింటికొచ్చినట్టు మాట్లాడకు. వీళ్లను సూపెట్టుకుందామని తెచ్చిన్రు" అన్నాడు భూషణం చేదుగా.

"సూడనీ. సూస్తే అరిగిపోతడా?"



ఆయతు కంబం కిటికీ పక్కన ఉంది. పైన నెమలి, కింద విల్లు పట్టిన పిల్లవాడు. ఉంగ దానిమీద అరచెయ్యి ఆనించాడు. తరవాత ఆకు పరిచి బియ్యం పోసి, ఇంటి సంగతులు చెప్పుకున్నాడు. ఆవు ఈనింది, అమ్మ తినడం లేదు. భూషణానికి సగమే అర్థమైంది. ఎప్పుడో ఈ పిల్లవాణ్ని భుజాలమీద ఎక్కించుకుని వాగు దాటించాడు. ఇప్పుడు ఆ బరువు మళ్లీ మెడమీదికి వచ్చి కూర్చున్నట్టుంది. దించబుద్ధి కాలేదు.

"తిన్నడు" అన్నాడు ఉంగ.

"నీకెట్ల తెలుసు?"

"నాకు ఆకలైతంది."

ఈ పూట నీ ఇంట్లోనే వండుకుందాం, కలిసి తిని ఎన్నేళ్లయింది, పొద్దున పోతానన్నాడు ఉంగ. భూషణం వద్దన్నాడు. పొద్దుండగానే బయల్దేరమన్నాడు. వెనక తలుపు గొళ్లెం తీసి, ఎవరు పిలిచినా ఆగొద్దని చెప్పాడు.

ఉంగ మొహం చిన్నబోయింది. "పట్నపోనివి అయినవ్ మితాన్. ఒక్క పూట ఉంచుకోవైతివి."

"అయిన. పో. ఆడ కోసి ఆకలితో ఉన్నది."

ఉంగ బయటికి నడిచాడు. అతను సాలచెట్ల మధ్య కలిసిపోయేదాకా చూసి, భూషణం గొళ్లెం పెట్టాడు.

పొద్దు వాలింది. ముందువైపు గుర్రపుబండ్ల చప్పుడు. మున్షీ దీపం పట్టుకుని పరుగున వచ్చాడు.

"ఏడీ నీ మారియా? దొరలు, దొరసానులు దిగుతున్నారు. బియ్యం పెట్టుకోనిస్తే, వాళ్లు చూడ్డానికి మనిషిని గోచీతో కంబం పక్కన నిలబెడతానన్నావు. ఆ మాట మీదే కదా వాణ్ని లోపలికి వదిలింది!"

"నిలబెడతాను."

"ఎవర్ని? ఎక్కడున్నాడు?"

భూషణం చొక్కా గుండీలు విప్పసాగాడు.