నాలుగు వేళ్ల వెడల్పు

పురానాపూల్ దగ్గర సీమోను టైర్ల షెడ్డులో రామ్‌చందర్ జీపు జాకీల మీద ఉంది. మిలిటరీ వేలంలో కొన్నది, పాల క్యాన్లు మోసేది. సన్న చక్రాలు తగిలించినప్పుడు రామ్‌చందర్ జేబులోంచి ముడివేసిన పూలదారం తీసి, ఈ చక్రం నుంచి ఆ చక్రానికి అడ్డంగా పట్టి చూసి వద్దన్నాడు. వెడల్పువి తగిలించాక మళ్లీ పట్టి చూసి తల ఊపాడు.

“ఏందన్నా, జీపుకు పూలదండ ఏస్తవా?” అన్నాడు సీమోను.

“కొలత తెచ్చిన. ఇవే బిగించు.”

“ఇవి రేగడిల మస్తు నడుస్తయి. గని అటు నాలుగు వేళ్లు, ఇటు నాలుగు వేళ్లు బయటికొస్తయి. గల్లీలకు సన్నవే మంచివి.”

“అత్తగారి ఊరి తొవ్వంత రేగడే భాయ్. ఇయ్యాల నాలుగు కొట్టకముందే ఆమెను తోల్కపోవాలె.”

ఆమె అంటే రాజమణి. పెళ్లయి ఇరవై రెండు రోజులు. ఎల్లుండి నుంచి ఆషాఢం. ఆ నెలంతా అత్తా కొత్త కోడలూ ఒకే గడప దాటకూడదు. పిల్ల పుట్టింటికి వెళ్లాలి, అల్లుడు అటు తొంగి చూడకూడదు. నాలుగింటికి అమావాస్య వస్తుందని, ఆలోపే బయలుదేరాలని పంతులు వైకుంఠం చెప్పాడు.

నెల రోజులు. రామ్‌చందర్‌కు అన్నం సయించక అప్పుడే వారమైంది.

మూడింటికి జీపు హుస్సేనీ ఆలంలో తమ గల్లీలోకి మళ్లింది. ఇంటికి ఇరవై అడుగుల దూరంలో, రెండు రాతిగోడల మధ్య కీచుమని ఆగిపోయింది. ముందుకు కదల్లేదు, వెనక్కీ కదల్లేదు. రబ్బరు కమురు వాసన.

ఆ గల్లీకి వేరే దారి లేదు. గడపలో పట్టుచీరతో, రేకుపెట్టెతో రాజమణి. స్టీరింగ్ వెనక రామ్‌చందర్. దిగుదామంటే పక్కన సందు లేదు.

“కండ్లు ఏడ పెట్టినవ్‌ర?” గడపలోంచి అతని తల్లి ఆగమ్మ అరిచింది.

“కొలిచే తెచ్చిన అమ్మా.”

“నీ కొలత కొలిమిల వడ.”

జీపు అవతల నుంచి పక్కింటి మల్లన్న అన్నాడు. “పెద్దమ్మా, వదినను బానెట్ మీదికెళ్లి దాటమను. ఇటు నేను రిక్షా తెస్త.”

“బస్తీ అంత చూస్తుంటె కొత్త కోడలు కోతి లెక్క గంతులేస్తదా? ఇజ్జత్ ఉండొద్దా?”

రాజమణి పెట్టె మీద కూలబడి, తల దించుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

“ఏడ్వకు బిడ్డా,” అంది ఆగమ్మ మెత్తబడి.

లోపల గడియారం నాలుగు కొట్టింది.

అయిదింటికి సీమోను వచ్చి, టైర్లలో గాలి తీసి, నలుగురితో జీపును వెనక్కి గుంజించాడు. అప్పటికే అమావాస్య.

ఆగమ్మ గడప వైపు చూసింది. “ఇగ పిల్ల ఎల్లొద్దు. నేను ఉండొద్దు. నేనే కిషన్‌బాగ్ల నా బిడ్డ ఇంటికి పోత, నెల దాక.”

“అమావాస్య నాడు నువ్వెట్ల పోతవ్ పెద్దమ్మా?” అన్నాడు మల్లన్న.

“ముసలిదాన్ని. నన్ను జూస్తె అమావాస్యే పక్కకు జరుగుతది.”

ఆగమ్మ ఎక్కిన రిక్షా మలుపు తిరిగింది. ఇంట్లో ఇద్దరే మిగిలారు.

రామ్‌చందర్ తిరిగి ఇచ్చిన దారంతో రాజమణి మల్లెలు కట్టుకుంటూ కూర్చుంది. మొన్న అత్త గుడికి వెళ్లినప్పుడు గల్లీని, జీపు ఇరుక్కున్న చోటే, ఈ గోడ నుంచి ఆ గోడకు కొలిచి, ఆ దారానికి ముడివేసి ఇచ్చింది తనే.