బయోస్ అప్‌డేట్ నడుస్తుండగా

కస్టమర్ తెచ్చిన కొత్త ప్రాసెసర్ పెడితే తెర వెలగలేదు. పాతదాన్నే మళ్ళీ బిగించి, మదర్‌బోర్డుని లేపే ప్రోగ్రాం బయోస్‌కి అప్‌డేట్ మొదలుపెట్టాను.

"మళ్ళీ పాతదెందుకురా?" అన్నాడు షాపు ఓనరైన మా మావయ్య.

"ఇదుంటేనే బోర్డు లేస్తుంది. అప్‌డేట్ అయితేనే కొత్తదాన్ని గుర్తుపడుతుంది. ఆ తర్వాత దీన్ని పీకేయడమే."

"సరే, తాళాలిటివ్వు. రేపట్నుంచి షాపు మా అల్లుడు చూసుకుంటాడు. వాడికి పనంతా నేర్పేశావుగా!"

జేబులోంచి తాళాలు తీశాను. అప్పటికే అల్లుడు నా కుర్చీలో చేరాడు.

"ఏంటి తమ్ముడూ, తెర మీద అప్‌డేట్ గీత కదలట్లేదు? హ్యాంగయినట్టుంది, ఆపేస్తున్నా," అంటూ స్విచ్ మీద చెయ్యేశాడు.

తాళాలు బల్ల మీద పడేసి చెప్పులేసుకున్నాను.

అప్‌డేట్ మధ్యలో కరెంటు తీస్తే బోర్డు చచ్చినట్టే. అతనికి నేను నేర్పనిది అదొక్కటే.