డ్రమ్స్ కొన్న వేసవి

“సొంత డ్రమ్స్ ఉన్నాయా అమ్మా?”

ఆర్కెస్ట్రా నడిపే పెదబాబు గారు అడిగిన ఆ ఒక్క మాటకే కౌముది మొహం చిన్నబోయింది. దసరా ప్రోగ్రాములకి ఆయనకి డ్రమ్మర్ కావాలి. కౌముదికేమో వాయించడం తప్ప వేరే ధ్యాస లేదు.

తల్లి హైమ భీమవరంలో ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కూతురి మొహం చూడలేక, చీటీ పాడి, ఆమెని తీసుకుని రాజమండ్రి బస్సెక్కింది.

“ఇది ఎలక్ట్రానిక్ అండి,” అన్నాడు షాపాయన. “హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తే పక్కగదిలోక్కూడా వినపడదు.”

“మరి అదో?”

“మామూలు డ్రమ్స్. సెకండ్ హ్యాండ్. దీంట్లో సగం రేటుకి ఇచ్చేస్తాను. కాకపోతే వీధి వీధంతా మోగిపోద్దండి.”

హైమ దగ్గరున్నది ఆ సగానికే సరిపోతుంది.

ఇంటికి తిరిగొచ్చి, నరసాపురంలో ఉండే ఇంటి ఓనరు సత్యకుమారి గారికి ఫోన్ చేసింది.

“నాకేం లేదమ్మా. పక్క వాటాలో తాతాజీని అడుగు. అతను సరేనంటే కొనుక్కో.”

తాతాజీ కొత్తగా దిగిన మనిషి. ఒంటరివాడు. అతని గుమ్మం వెనక సందులోకి ఉండటంతో హైమ అతన్ని చూసిందే తక్కువ.

తలుపు కొడితే కళ్లు నులుముకుంటూ వచ్చాడు.

“మా అమ్మాయికి డ్రమ్స్ కొందామనుకుంటున్నామండి. సెలవులు కదా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాయిస్తుంది. మీకు ఇబ్బందంటే మానేస్తాం.”

అతను ఓసారి వెనక్కి తిరిగి గదిలోకి చూశాడు.

“బకెట్టు మీద వాయించేది ఆ పాపేనాండి?”

“అవునండి.”

“చేతిలో ఏదో ఉందండి. కొనెయ్యండి. పగలు నేనింట్లో ఉండన్లెండి.”

డ్రమ్స్ వచ్చాయి. ఆ వేసవంతా ఇల్లు దద్దరిల్లింది. కౌముది చేతులకి బొబ్బలెక్కాయి, మానలేదు.

ఓ మధ్యాహ్నం తల్లీకూతుళ్లు బజారుకెళ్తుంటే బస్ షెల్టర్లో బల్ల మీద తాతాజీ కనిపించాడు. కూర్చునే తూగుతున్నాడు.

“నమస్తే అండి!” అంది కౌముది.

ఉలిక్కిపడి లేచాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. అయినా నవ్వాడు.

“ఎందాకా వచ్చిందమ్మా ప్రాక్టీసు?”

కౌముది చెప్పబోయేంతలో హైమ ఆమె చెయ్యి పట్టుకుని ముందుకి లాగేసింది.

“వాణ్ణి పలకరిస్తావేంటే? పట్టపగలు ఎలా తాగి తూగుతున్నాడో చూడు.”

అతను విన్నాడేమో. ఆ తర్వాత వీళ్లు కనిపిస్తే తనే తలొంచుకుని తప్పుకునేవాడు.

సెలవులైపోయే ముందు పెదబాబు గారు వచ్చి కౌముది వాయింపు విన్నారు. అక్కడికక్కడే అడ్వాన్సు చేతిలో పెట్టారు.

హైమ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పూతరేకులు తెప్పించి వీధంతా పంచింది. ఎంతైనా గోడ పక్క మనిషి కదా అని, ఆఖర్న నాలుగు పళ్లెంలో పెట్టుకుని వెనక సందులోకి వెళ్లింది.

తలుపు బార్లా తీసి ఉంది. లోపల సామాను లేదు. సత్యకుమారి గారు గది కడిగిస్తున్నారు.

“తాతాజీ గారు లేరాండి?”

“నిన్ననే ఖాళీ చేసేశాడమ్మా.”

“అదేంటండి, ఇంత హఠాత్తుగా?”

“ఐసు ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ కదా అతనిది, పగలు నిద్రలేక మిషను దగ్గరే కునుకు తీస్తున్నాడని పన్లోంచి తీసేశారట.”