పన్నీరు గులాబీకి కాపలా

“ఆ కొమ్మ జోబీలోంచి బయటికి తీయండి సార్!”

నాయబ్ రసూల్ విజిల్ ఊదేసరికి గుంతపొంగణాల బల్ల దగ్గరున్న వాళ్లంతా ఇటు తిరిగారు. తెల్లచొక్కా పెద్దమనిషి జేబులోంచి జానెడు గులాబీ కొమ్మ ముళ్లతో సహా తొంగి చూస్తోంది.

“తప్పుగా అనుకోవద్దన్నా. అడిగి తెచ్చుకున్న కొమ్మ నాటుకోదంట. ఎత్తుకొచ్చిందే బతుకుతాదంట. మా ఇంట్లో ఆమె చెప్పి పంపిచ్చినాది,” అన్నాడాయన నేలచూపులు చూస్తూ.

“ఇది తోట చూసేదానికి పెట్టిన పండగ సార్, దొంగతనాలకు కాదు.”

“పోనీలే రసూలూ, పెద్దాయన్ని వదిలేయ్,” అంది వెనకనుంచి అక్క ఆయిషా బీ. “నువ్విట్రా, టీ గిన్నె దించాల.”

తమ్ముడు గిన్నె దించి వచ్చేలోగా పెద్దమనిషీ లేడు, కొమ్మా లేదు.

చిత్తూరులో తన ఇంటి ముందరి తోటను ఆయిషా బీ ఆ శని, ఆదివారాలు ఊరందరికీ తెరిచిపెట్టింది. గేటు పక్కన పొరుగింటి మునిరత్నమ్మ పొంగణాలు, రాగిసంగటి, ఊరిబిండి. వేపచెట్టు కింద మొక్కల అంగడి. సన్నజాజి, కరివేపాకు, కనకాంబరం, ఏది అడిగితే అది ఆయిషా బీ కుండీతో సహా చేతిలో పెట్టేస్తోంది. బేరమాడే అవసరమే రావడం లేదు జనానికి.

మూల గోడ పక్కనున్న పన్నీరు గులాబీ దగ్గర మాత్రం ఆమె చెయ్యి బిగిసిపోయింది. పెళ్లయిన ఏడాది ఆమె భర్త నాటిన చెట్టు అది. ఆయన పోయినా, పూస్తే ఇప్పటికీ వీధి చివరిదాకా వాసన. దాని ముందు “ముట్టరాదు, కొమ్మ ఇవ్వబడదు” అని పెద్ద అక్షరాలతో బోర్డు తనే రాసి పెట్టింది. కాపలాకు సూళ్లూరుపేట నుంచి తమ్ముణ్ణి పిలిపించింది. తడ దగ్గర ఫ్యాక్టరీలో సెక్యూరిటీ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. తన హయాంలో ఒక్క బోల్టు కూడా గేటు దాటలేదని, అడక్కపోయినా అందరికీ చెబుతాడు.

చెప్పుకోవడానికి ఆ రెండు రోజులూ తీరిక దొరికితేగా!

“ఒక్క కొమ్మ ఇయ్యమ్మా, ఎంతైనా ఇస్తాను,” అని సుజన టీచర్ బతిమాలింది.

“కోటి ఇచ్చినా ఇయ్యను,” అంది ఆయిషా బీ. ఆ వెంటనే గొంతు పెంచింది. “రసూలూ! నీళ్ల క్యాన్లు అయిపోయినాయి, అంగడికాడికి పోయి చెప్పిరా.”

“చెట్టు కాడ ఎవురుంటారు ఆపా?”

“టీచరమ్మ ఉండాదిలే.”

ఆయన తిరిగొచ్చేసరికి టీచరమ్మ వెళ్లిపోయింది. చెట్టుకు ఏటవాలుగా ఒక పచ్చి కోత మిగిలింది. కొమ్మకు కత్తెర కూడా వేలాడుతోంది.

“కత్తెర ఈడ పెట్టినావేంది ఆపా?”

“మతిమరుపు నాయనా!”

దాన్ని లోపల పెట్టొచ్చాడు. మధ్యాహ్నానికి కత్తెర మళ్లీ అదే కొమ్మకు వేలాడుతోంది. పక్కనే తడిపిన గోనెసంచి కూడా ఉంది.

“ఆ తోట పండగ బ్యానరైనా గేటుకు కట్టాల గదా ఆపా? ఈ మూల గోడకు కడితే ఎవురికి కనపడతాది?”

“చెట్టుకు ఎండ తగలకుండా కట్టినాలే.”

గులాబీకి ఎండ వద్దా అని రసూల్‌కు అనుమానం వచ్చింది. కానీ అక్కతో వాదించి గెలిచిన రోజు ఆయన జీవితంలో లేదు.

ఈలోగా మునిరత్నమ్మ కేకేసింది. “రసూలన్నా, వేడి పొంగణాలు, తినిపో!”

“చెట్టు కాడ పని ఉండాదమ్మా.”

“రెండు తినిపో. మీ బావ ఉన్నప్పుడు అడిగినోళ్లకంతా కొమ్మలు ఇస్తా ఉండె. ఒక్కరింట్లోనూ నాటుకోలే. నాకే మూడు తూర్లు ఇచ్చినాడు, మూడూ ఎండిపాయె.”

రెండు అనుకున్నవి ఆరయ్యాయి. చేతులు కడుక్కుని చూస్తే చెట్టు దగ్గర కాలేజీ పిల్లల గుంపు. విజిల్ ఊదాడు. పకపకా నవ్వుతూ పరిగెత్తారు. వాళ్ల వెంట గేటుదాకా పరిగెత్తి, ఆయాసంతో వెనక్కి తిరిగితే మునిరత్నమ్మ కొంగు చాటున ఏదో దాస్తోంది.

“నువ్వు కూడానా తల్లీ!”

ఆయిషా బీ చూసింది. చూసి, తల అటు తిప్పేసుకుంది.

ఆదివారం సాయంత్రానికి బల్లలు మడిచేశారు. రసూల్ చేతిలో విజిల్ పట్టుకుని గులాబీ ముందు నిలబడిపోయాడు. లావాటి మోడు, దానికి నాలుగు ఆకులు.

“నన్ను నమ్మి పెడితివి. బావ చెట్టును కాపాడలేకపోతిని ఆపా.” నిజంగానే ఆయనకు ఏడుపొచ్చింది.

టీ గ్లాసుతో వచ్చిన ఆయిషా బీ ముఖం మాత్రం వెలిగిపోతోంది.

“టీచరమ్మది గ్రీమ్స్‌పేట. తెల్లచొక్కాయనది సంతపేట. పిల్లోళ్లు తిరుపతి బస్సెక్కినారు. ఒకాయన తిరుమలలో ఉంటాడంట. సూడు, మీ బావ గులాబీ కొండ కూడా ఎక్కేసింది!”

“నగుతాండావా? వచ్చే ఏడు సూడు. ఈ చెట్టు కాడే మంచం ఏసుకుంటా. నువ్వు గొంతు చించుకున్నా కదల్ను.”

ఆయిషా బీ గ్లాసు తమ్ముడి చేతిలో పెట్టింది. మోడును అరచేత్తో ఒకసారి నిమిరి, గోడకున్న బ్యానరు ముడులు విప్పింది. గుడ్డ జారి కింద పడింది. దాని వెనక గోడ మీద ఎర్రరంగుతో నిలువునా ఒక గీత, పక్కన ఒక బాణం ఉన్నాయి.

“బుధవారం నుంచి ఇదంతా రోడ్డు, రసూలూ.”