చేరేనాటికి ఉండే మనిషి

“మళ్ళీ జారుడుబల్ల చేశావు!”

స్టూరె చీజ్ ముక్కను ఎత్తి చూపించాడు. ఒక పక్క పూర్తిగా తరిగిపోయింది. రెండో పక్క గోడలా నిలబడి ఉంది.

“తర్వాత కోసుకునేవాడికి ఏం మిగులుతుంది? అంచా?”

“స్కీలు తెచ్చుకో నాన్నా, జారి ఆడుకుందాం,” అంది సీవ్, రొట్టె నములుతూ.

“ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాయి. చీజ్ సమంగా కోయడం రాదు.”

“నీకు డెబ్బై నాలుగొచ్చాయి. పొద్దున్నే పోట్లాడకుండా ఉండడం వచ్చిందా?” పొయ్యి దగ్గర నుంచి గున్‌వోర్ భర్తను కసిరింది. “దాన్ని ఇష్టమొచ్చినట్టు కోసుకోనీ.”

స్టూరె కత్తి అందుకున్నాడు. ఎత్తుగా ఉన్న పక్క నుంచి చెక్కడం మొదలుపెట్టాడు. గొడవ చీజ్ గురించి కాదని ముగ్గురికీ తెలుసు. రేపు శుక్రవారం. పేరు ఖాయం చేయడానికి ఆఖరి రోజు.

వచ్చే వారం వాళ్ళ పరికరం, వాళ్ళుండే ఈ కిరునా ఊరు వదిలి వెళ్ళిపోతుంది. రొట్టెల డబ్బా అంత ఉంటుంది. దాన్ని వ్యోమనౌకకు బిగిస్తారు. నౌక యురేనస్ చేరడానికి పదమూడేళ్ళు పడుతుంది. చేరాక, ఆ గ్రహం చుట్టూ తిరిగే విద్యుత్ కణాలను ఈ డబ్బా పట్టి లెక్కపెడుతుంది. అది స్టూరె బుర్రలో పుట్టింది. ప్రయోగశాలలో సీవ్ చేతుల్లో పెరిగింది.

ఇంత దూరపు ప్రయాణాలకు ఒక నియమం ఉంది. ప్రతి పరికరానికీ ఒక మనిషి పేరు రాయాలి. అక్కడి నుంచి మొదటి సమాచారం అందిన రోజు దాన్ని విప్పి చదివేది ఆ మనిషే. కాబట్టి చేరేనాటికి ఆ మనిషి ఉండాలి.

స్టూరె ఏడాది కిందటే ఒక పేరు ఇచ్చాడు. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు మార్చమంటున్నారు. స్టూరె మార్చనంటున్నాడు.

కాఫీ తాగుతుండగా ఫోన్ మోగింది. ప్రాజెక్టు నడిపే హెడ్విగ్. ఎన్నో ఏళ్ళుగా స్నేహితురాలు.

“స్టూరే, ఆ పేరు నేను కమిటీ ముందు ఎలా పెట్టను? అందరికీ సంగతి తెలిసిపోయింది. జాలిపడతారు. ఒప్పుకోరు.”

“వాళ్ళ జాలి ఎవడిక్కావాలి?”

“మీ ప్రయోగశాలలో పనిచేసే మెల్కెర్ పేరు ఇవ్వు. చిన్నవాడు, తెలివైనవాడు.”

“వాడికి స్క్రూ బిగించడం రాదు.”

ఫోన్ పెట్టేసి కూతురి వైపు తిరిగాడు.

“నువ్వూ వాళ్ళ పక్షమేనా?”

“నేను మెల్కెర్ పక్షం.”

“మా అమ్మ తొంభై మూడేళ్ళు బతికింది. ఆఖరి చలికాలంలో కూడా మంచులో నడిచి కిరాణా కొట్టుకు వెళ్ళింది. మన వంశం గట్టిది.”

“అందరూ మామ్మ కాలేరు నాన్నా. ఆసుపత్రిలో చెప్పింది నువ్వూ విన్నావు.”

“డాక్టర్లకేం తెలుసు!”

అక్టోబరులో తండ్రీ కూతుళ్ళిద్దరూ విమానంలో దక్షిణాన ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చారు. డాక్టరు నెమ్మదిగా, ఒక్కొక్క మాటే చెప్పుకొచ్చింది. స్టూరె మధ్యమధ్య అడ్డం పడి వాదించాడు. సీవ్ కిటికీలోంచి కార్ల వరసను చూస్తూ కూర్చుంది. తిరిగొచ్చాక ఆమె ప్రయోగశాలకు సెలవు పెట్టింది. అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఈ ఇంట్లో తన పాత గదిలోకి వచ్చేసింది.

“మూత బిగించేలోపు ఒకసారి చూడాలని ఉంది, తీసుకెళ్ళు,” అంది సీవ్ ఆ మధ్యాహ్నం.



ప్రయోగశాలలో తెల్లకోట్లు, ముసుగులు వేసుకున్నారు. బంగారు రంగు రేకు చుట్టుకుని డబ్బా బల్ల మీద ఉంది. సీవ్ గ్లవుజు వేలితో దాని మూల తాకింది.

“చలి ఎక్కువైతే ఇది అబద్ధాలాడుతుంది, గుర్తుందా? లేని కణాలను కూడా లెక్కేస్తుంది.”

“ఎంత తీసేయాలో మనకు తెలుసుగా.”

“మనకు తెలుసు. పదమూడేళ్ళ తర్వాత ఎవరికి తెలుస్తుంది? రాసిపెడితే చాలదు నాన్నా, చేతికి అలవాటవ్వాలి. పేరుండి మనిషి లేకపోతే, ఇది అంత దూరం వెళ్ళి చెప్పేదంతా మట్టిపాలు. మెల్కెర్‌కి ఇప్పటి నుంచే నేర్పాలి. వేసవి దాకా టైముంది.”

“వేసవి దాకానే,” అన్నాడు స్టూరె.

“చాల్లే. స్క్రూలు బిగించడం కూడా నేర్పుదాం.”

 స్టూరె ముసుగు సర్దుకుంటున్నట్టు అటు తిరిగాడు.

గురువారం కాబట్టి, ఆనవాయితీ ప్రకారం రాత్రి భోజనానికి బఠాణీ సూప్. ఆ తర్వాత అట్లు, జామ్. గున్‌వోర్ గిన్నెల మధ్య మాత్రల డబ్బా తెచ్చి పెట్టింది. ముగ్గురూ దాన్ని చూడనట్టే ఆవముద్ద అటూ ఇటూ అందించుకున్నారు.

“ఆ పేరు సంగతి ఇవాళ తేల్చేయండి,” అంది గున్‌వోర్. “రోజూ ఆ మాట వినలేకపోతున్నాను.”

స్టూరె చెంచా కింద పెట్టాడు. సూప్ చల్లారిపోయింది. గున్‌వోర్ అట్ల పళ్ళెం ముందుకు జరిపినా ఎవరూ అందుకోలేదు.

“సరే తల్లీ,” అన్నాడు కూతురితో, “నీ పేరు కొట్టేసి మెల్కెర్ పేరు రాసుకోమని పొద్దున్నే హెడ్విగ్‌కి చెబుతాను.”