ఎర్ర స్వెట్టరావిడ

"నేను చెప్పింది ఇది కాదు," అన్నాడు కళ్లజోళ్ల షాపాయన, భార్య ముందు పెట్టిన ప్లేటును చూపిస్తూ. "ఇద్దరికీ పుట్టగొడుగుల కూర అన్నాను."

"మీకు అదే తెచ్చాను కదా సార్. మేడమ్‌గారికి మాత్రం లోపలి నుంచి ఇది పంపించారు. మాడేదాకా వేయించిన బంగాళాదుంపలు, పక్కన రెండు నిమ్మచెక్కలు."

"పంపించారా? ఎవరు?"

సర్వరు నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వు షాపాయనకు అస్సలు నచ్చలేదు.

భార్య అప్పటికే నిమ్మచెక్క పిండేసి, పిండిన చెక్కను తొక్కతో సహా నోట్లో వేసుకుంది. ఆమె మొహం వెలిగిపోయింది. పదకొండేళ్ల కాపురంలో తను తినిపించిన ఏ వంటకానికీ ఆ మొహం అలా వెలగలేదు. ఎవడో లోపల కూర్చుని, కనబడకుండా వెలిగించాడు! షాపాయన తన ప్లేటు పక్కకి నెట్టేశాడు.

ఇదొక్కటే అయితే పోనీలే అనుకునేవాడు. కొండ మీద ఉన్నవే నాలుగు హోటళ్లు. సీజను కాదు కాబట్టి టూరిస్టులు పట్టుమని పదిమంది లేరు. నిన్న మధ్యాహ్నం మొదటి హోటల్లో అంతా మామూలే. సాయంత్రం రెండో హోటల్లో ఆమె సూప్‌లో మాత్రం అడక్కుండానే మిరియాల పొడి దండిగా చల్లి తెచ్చారు. ఈ పొద్దున మూడోదాంట్లో ఆమెకి మాత్రం బ్రెడ్డు అంచుముక్కలే ఏరి తెచ్చారు. తీరా చూస్తే అవి ఆమెకి ఇష్టమట! ఇప్పుడు ఇక్కడ ఇది. పైగా వంటగది తెర వెనక ఎవరో "ఎర్ర స్వెట్టరావిడకి వెళ్లిందా?" అని అడగడం చెవులారా విన్నాడు. భార్య ఒంటి మీదున్నది ఎర్ర స్వెట్టరే.

"వీళ్లకెలా తెలుసు?" అన్నాడు పళ్లు బిగించి.

"ఏమోనండీ. బాగుంది, తిననివ్వండి."

"నీకు పుట్టగొడుగులంటే ప్రాణం కదా!"

ఆమె ఒక్కసారి తలెత్తి చూసింది. ఏదో అనబోయి మానేసింది. ఆ మానేసిన మాటలోనే గుట్టంతా ఉందనిపించింది షాపాయనకు.

"ఇంతకుముందు ఈ ఊరికి ఎవరితో వచ్చావు?"

ఆమె చేతిలోని చెంచా జారి ప్లేటులో పడింది. "ఏమన్నారు?"

"విన్నావుగా."

"ఆ మాట ఇంకొక్కసారి అంటే సాయంత్రం బస్సుకి ఒక్కదాన్నే మా అన్నయ్య ఇంటికి వెళ్లిపోతాను. మళ్లీ మీ గడప తొక్కను." కొంగుతో కళ్లు తుడుచుకుంది. కానీ ప్లేటు మాత్రం దగ్గరికి లాక్కుని తినసాగింది.

షాపాయన అక్కడితో ఊరుకోవాల్సింది. అసూయ పట్టినవాడు ఊరుకుంటాడా? ఏడుస్తూ కూడా ఆ బంగాళాదుంపల్ని వదలడం లేదంటే, పంపినవాడు ఎంత దగ్గరివాడో! విసురుగా లేచి వంటగది తెర లాగాడు.

"మా ఆవిడకి ఆ ప్లేటు పంపింది నువ్వేనా?"

లోపలున్న గుబురు మీసాల వంటాయన తన తప్పేం లేదన్నట్టు గరిటె పైకెత్తాడు. "వండటమే నా పని సార్. చెప్పింది అతను." గరిటెతో వెనక తలుపు చూపించాడు.

వెనక రేకుల షెడ్డు. కొండ మీద నీళ్లకి కటకట కాబట్టి నాలుగు హోటళ్లకీ కలిపి ఒకటే ట్యాంకు, అంట్లు తోమడానికి ఒకటే షెడ్డు. మోచేతుల దాకా నురగతో ఒకడు నిలబడి ఉన్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, ఉంగరాల జుట్టు. చూడ్డానికి బాగానే ఉన్నాడు వెధవ! షాపాయన అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎర్ర స్వెట్టరావిడ నీకెలా తెలుసు?"

అంట్లతను మొహం చేటంత చేసుకున్నాడు. "తిన్నారా సార్? ఏమన్నా మిగిల్చారా?"

"అడిగినదానికి చెప్పు! ఎన్నాళ్లుగా తెలుసు?"

"నిన్నటి నుంచే సార్. నేనింకా ఆవిడ మొహం కూడా చూళ్లేదు. ప్లేట్లే చూశా."

"ప్లేట్లా?"

"నాలుగు హోటళ్లవీ ఇక్కడికే కదా వచ్చేది. ఇంత కొండెక్కించి తెచ్చినవి పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది సార్. అందుకే ఎవరి ప్లేటో సర్వర్లని అడిగి, వాళ్లకి ఏది పడుతుందో ఏది పడదో వంటవాళ్లకి చెబుతుంటా. నిన్న మధ్యాహ్నం ఆవిడ సూప్ గిన్నె అడుగున మిరియాల పొడి పేరుకుని ఉంది, అంత దండిగా వేసుకున్నారు. బ్రెడ్డులో మెత్తనిదంతా వదిలేసి అంచులే తిన్నారు. మాడిన బంగాళాదుంప ఒక్కటి మిగల్లేదు, నిమ్మచెక్క తొక్కతో సహా మాయం." అంట్లతను పొద్దుటి ప్లేటొకటి బయటికి తీశాడు. "ఇదిగో, ఇదే చూడలేకపోయాను. మూడు పూటలా పుట్టగొడుగులన్నీ ఓ మూలకి నెట్టి, పైన కాగితం రుమాలు కప్పేశారు. ఎదురుగా కూర్చున్నాయన నొచ్చుకుంటాడని కాబోలు."

రుమాలు కింద పుట్టగొడుగులు ఒక్కటీ తగ్గకుండా ఉన్నాయి. షాపాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. తప్పు చేసిన పిల్లాడిలా తల దించుకున్నాడు.

"మీరు ఆవిడకి ఏమవుతారు సార్?"

"భర్తని," అన్నాడు వినీ వినబడకుండా.

"అయ్యో, అలాగా!" అంట్లతను జాలిగా చూసి, తడిచెయ్యి తుడుచుకుని షాపాయన భుజం తట్టాడు. "దిగులు పడకండి సార్, మొదట్లో ఎవరికైనా అంతే, పోనుపోను తెలుస్తుంది. ఇంతకీ, పెళ్లయి ఎన్ని రోజులైంది?"